చేతితో చేసిన నమూనాల విలువను చెక్క ధరకు కట్టవద్దు

సంపాదకుల వారికి నమస్కారములు.

తుపాన్ల కాలం దగ్గర పడినప్పుడల్లా ఇంటి బీమా చేయించుకోవాలని చెప్పే వ్యాసాలు పత్రికల్లో వస్తుంటాయి. వాటిలో గోడలు, పైకప్పు, టీవీ, ఫ్రిజ్, బంగారం, బండి గురించి వివరంగానే ఉంటుంది. కానీ ఇంట్లో ఒక మూల బల్ల వేసుకుని, ఉద్యోగం నుంచి వచ్చాక రాత్రిపూట రెండేసి గంటలు కూర్చుని, ఏళ్ల తరబడి ఓడలకో, రైలింజన్లకో, గుడిగోపురాలకో చిన్న నమూనాలను తన చేతులతో చేసుకునే మనిషి తన వస్తువులను ఎలా కాపాడుకోవాలో చెప్పే వాక్యం మాత్రం ఒక్కటీ కనబడదు. అటువంటివారు మన రెండు రాష్ట్రాల్లో అనేకులు ఉన్నారు. వారిలో ఒకడిగా, ఒకసారి నష్టపోయి ఆ తర్వాత పాలసీ పత్రాలను అక్షరం అక్షరం చదివినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

విశాఖపట్నంలో ఓడలు కట్టే చోట డ్రాయింగ్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. మా నాన్నగారు కూడా అక్కడే వడ్రంగి. 1948 మార్చి 14న నెహ్రూ గారు ‘జల ఉష’ను నీటిలోకి దింపిన రోజున ఆయన ఆ జనంలో నిలబడి చూశారు. స్వతంత్ర భారతంలో కట్టి నీళ్లలోకి దింపిన ఆ తొలి పెద్ద ఓడ కబుర్లు వింటూనే నేను పెరిగాను. అందుకే చేతికి కొంచెం పనితనం వచ్చాక 1:200 కొలతలో, అంటే అసలు ఓడలో రెండు వందల వంతు పొడవుతో, దాని నమూనా మొదలుపెట్టాను. అడుగు భాగానికి టేకు, పై గదులకు బాల్సా అనే తేలికైన చెక్క, సరుకు ఎత్తే డెరిక్కులకు ఇత్తడి తీగ, తాళ్లకు మైనం పూసిన నూలు దారం వాడాను. రెండడుగుల పైచిలుకు పొడవున్న ఆ ఓడ 2007లో పూర్తయ్యేటప్పటికి రెండేళ్ల ఏడు నెలలు పట్టింది. డ్రాయింగ్ విభాగంలో ఏ పనికి ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టడం మాకు అలవాటు కనుక ఇంట్లోనూ ఒక నోటు పుస్తకంలో రాస్తూ వచ్చాను. మొత్తం 1,140 గంటలు. కొన్న సామాను ఖర్చు 6,300 రూపాయలు.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను మా ఊరి మీద విరుచుకుపడింది. మా ఫ్లాటు పెదవాల్తేరులో మూడో అంతస్తు. సముద్రం వైపు కిటికీ అద్దం పగిలి గాలి, వాన కలిసి గదిలోకి వచ్చాయి. నమూనాలు పెట్టిన గాజు బీరువా ముందుకు పడిపోయింది. ‘జల ఉష’ ముందు మాస్టు, అంటే నిలువు స్తంభం, మొదలంటా విరిగింది, నాలుగు డెరిక్కులు వంగిపోయాయి. ఓడ పక్కలకు అతికించిన సన్నని పలకలు నీటికి ఉబ్బి ఒకదాని పక్కన ఒకటి లేచి నిలబడ్డాయి, చేప పొలుసుల్లాగా. కరెంటు లేని ఆ రోజుల్లో కొవ్వొత్తి వెలుగులో, ఊడిన ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి అన్నం డబ్బాల్లో దాచుకున్నాను.

నాకు అప్పుడు ఇంటి బీమా ఉంది. నష్టం లెక్కగట్టడానికి వచ్చిన సర్వేయరు మర్యాద తెలిసిన మనిషి. కిటికీలకు, తడిసిన మంచాలకు, పాడైన ఫ్రిజ్‌కు తగిన విలువే రాశారు. ఓడ దగ్గరకు వచ్చేటప్పటికి ఆయన చేతిలోని కాగితంలో దానికి సరిపడే పేరే లేదు. “చెక్క పడవ బొమ్మ, ఒకటి” అని రాసి, అంత సైజు అలంకార పడవకు బజారు ధర మూడు వేలు వేసి, ఏడేళ్లు పాతబడినందుకు 40 శాతం తరుగుదల తీసి, 1,800 రూపాయలు అని తేల్చారు. నోటు పుస్తకం చూపించాను. చదివారు, మెచ్చుకున్నారు, కానీ ఇది బిల్లు కాదు కదండీ అన్నారు. ఆయన తన నిబంధన ప్రకారమే చేశారు, నేను ఆయనను తప్పుపట్టడం లేదు. ఆ నిబంధనే మారాలని అంటున్నాను. మంచానికి తరుగుదల ఉంటుంది, ఎందుకంటే దాని మీద పడుకుంటే అది అరుగుతుంది. గాజు వెనక నిలబెట్టిన నమూనాకు ఏడేళ్లలో అరిగేది ఏముంది?

తప్పు నా వైపునా ఉంది. పాలసీ తీసుకునేటప్పుడు ఆ ఓడ సంగతి నేను ఎక్కడా రాయలేదు. రాయాలని నాకు తెలియదు, ఏజెంటు అడగలేదు. చెప్పని వస్తువుకు బీమా కంపెనీ మామూలు సామాను లెక్కే వేస్తుంది. కంపెనీ జవాబు నచ్చకపోతే, లేదా నెల గడిచినా జవాబే రాకపోతే, పైసా ఖర్చు లేకుండా, బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చనీ, ఆ కార్యాలయం ఒకటి హైదరాబాదులోనే ఉందనీ నాకు తెలిసేటప్పటికి ఏడాది గడువు దాటిపోయింది.

ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడింది. ఈ సంగతి చాలామందికి తెలియదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 2021 ఏప్రిల్ 1 నుంచి బీమా నియంత్రణ సంస్థ ఆదేశం మేరకు కంపెనీలన్నీ ‘భారత్ గృహ రక్ష’ పేరుతో ఒకే తీరు ఇంటి పాలసీని అమ్ముతున్నాయి. ఇంటి కట్టడానికి బీమా తీసుకుంటే, అందులో 20 శాతం వరకు, 10 లక్షలకు మించకుండా, ఇంట్లోని మామూలు సామానుకు జాబితా ఇవ్వకుండానే రక్షణ ఉంటుంది. అద్దె ఇంట్లో ఉండేవారు కట్టడాన్ని వదిలేసి సామాను వరకే తీసుకోవచ్చు. మామూలు సామాను పాడైతే బాగుచేయించడానికి అయ్యే ఖర్చు గానీ, అదే వస్తువు లేక అలాంటి వస్తువు కొనడానికి అయ్యే ఖర్చు గానీ ఇస్తారు. ఫ్రిజ్ విషయంలో ఈ మాట ఎంతో న్యాయమైనది. నా ఓడ విషయంలో మాత్రం చిక్కంతా ఇక్కడే ఉంది. “అలాంటి వస్తువు” ఏ దుకాణంలోనూ దొరకదు. కొండపల్లి బొమ్మకో, ఏటికొప్పాక లక్క బొమ్మకో అయితే అమ్మకపు ధర ఒకటి ఉంటుంది, అడిగితే దుకాణదారు చెబుతాడు. అమ్మడం కోసం కాకుండా చేసుకున్న వస్తువుకు ఆ ఆధారం కూడా ఉండదు.

అయితే ఇదే పాలసీలో విలువైన వస్తువులకు వేరే భాగం ఒకటి ఉంది. నగలు, వెండి సామాను, చిత్రపటాలు, కళాఖండాలు, అపురూప వస్తువులు దాని కిందికి వస్తాయి. ఈ భాగంలో విలువను ముందే కంపెనీ, మనమూ కలిసి ఒప్పుకుని పాలసీలో రాసుకుంటాం. వస్తువు పూర్తిగా నష్టమైతే బజారు ధర, తరుగుదల అనే మాటలు లేకుండా ఆ రాసుకున్న విలువే ఇవ్వాలి. పైగా ఒక్కొక్క వస్తువు విలువ లక్ష రూపాయలు, అన్నీ కలిపి 5 లక్షలు దాటకపోతే విలువ ధ్రువీకరణ పత్రం కూడా అడగరు. అంటే మనలో చాలామంది నమూనాలకు సరిపోయే వీలు ఇప్పటికే ఉంది. లేనిదల్లా, చేతితో చేసిన ఓడ నమూనా కళాఖండం కిందికి వస్తుందని కచ్చితంగా చెప్పే ఒక్క వాక్యం. ఆ వాక్యం లేనందువల్ల ప్రతి కార్యాలయంలో ప్రతి అధికారీ తన అభిప్రాయాన్ని బట్టి జవాబు చెబుతున్నారు.

నా అనుభవమే చెబుతాను. మొదటిసారి ఒక బీమా కార్యాలయానికి వెళ్లి అడిగితే, బొమ్మలకు బీమా ఉండదండీ అని అక్కడి అధికారి మాట పూర్తికాక ముందే చెప్పేశారు. ఇంటికి వచ్చి ఆరు నమూనాలకు ఒక్కొక్క పేజీ చొప్పున కాగితాలు తయారుచేశాను. ఒక్కొక్క దానికి నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు, పని సాగుతున్న దశల్లో తీసినవి, పక్కన స్కేలు పెట్టి తీసినది ఒకటి, సామాను రశీదులు, గంటల లెక్క. వాటిని ఒక ఉత్తరంతో జతచేసి, వీటిని కళాఖండాలుగా అంగీకరిస్తారో లేదో రాతపూర్వకంగా తెలపండి అని ఇంకొక కంపెనీకి పంపాను. మూడు వారాలకు ఒప్పుకున్నారు. ఆరూ కలిపి 3,70,000 రూపాయలకు పేరుపేరునా షెడ్యూలులో, అంటే పాలసీకి జతచేసే జాబితాలో, చేరాయి. అందుకు అదనంగా కట్టిన ప్రీమియం కొన్ని వందల రూపాయలు మాత్రమే. నోటితో అడిగితే కాదన్నది కాగితం మీద అడిగితే అయింది. ఏజెంటు మాట మీద ఆధారపడవద్దని, షెడ్యూలులో నమూనా పేరు కళ్లతో చూసుకునేవరకు డబ్బు కట్టవద్దని తోటివారికి నేను గట్టిగా చెప్పేది అందుకే.

విలువ ఎలా కట్టాలన్నది అసలు ప్రశ్న. సామాను ఖర్చు ఒక్కటే విలువ అంటే, రాసిన కాగితం, సిరా ధరే పుస్తకం విలువ అన్నట్టుంటుంది. అలాగని మన మమకారానికి వెల కట్టమని కంపెనీని అడగలేం. బీమా సూత్రం నష్టాన్ని పూడ్చడమే తప్ప దుఃఖానికి పరిహారం ఇవ్వడం కాదు. ఈ రెండింటికీ మధ్య న్యాయమైన లెక్క ఒకటి ఉంది: సామాను ఖర్చుకు పనిగంటల విలువ కలపడం. ‘జల ఉష’కు గంటకు కేవలం 100 రూపాయలు వేసుకున్నా 1,140 గంటలకు 1,14,000 అవుతుంది, సామానుతో కలిపి 1,20,300. విశాఖలో పనితనం తెలిసిన ఏ వడ్రంగీ ఆ కూలికి రాడు. అయినా ఆ తక్కువ లెక్కకే నా ఓడ లక్ష దాటి, ధ్రువీకరణ పత్రం కావలసిన వస్తువు అయింది. నగలకైతే విలువ కట్టే నిపుణులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. ఓడ నమూనాకు విలువ కట్టి సంతకం పెట్టగలవారు ఎవరో ఏ నిబంధనా చెప్పదు. నాకు సంతకం పెట్టేవారు దొరకలేదు. చివరకు దాన్ని 95,000కు తగ్గించి రాయించాను. ఎక్కువ పని చేసినవాడు తన పనిని తక్కువ చేసి రాసుకోవలసి రావడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఇంతకంటే కష్టమైనది పూర్తిగా పోని వస్తువు సంగతి. నమూనాలు చాలావరకు పూర్తిగా పోవు, విరుగుతాయి. విరిగిన దాన్ని బాగుచేయగలవాడు ఎక్కువసార్లు దాన్ని చేసినవాడే. కంపెనీ మాత్రం మరమ్మతు బిల్లు అడుగుతుంది. నా చేతులకు నేను బిల్లు ఎలా ఇచ్చుకోను? హుద్‌హుద్ తర్వాత ‘జల ఉష’ను తిరిగి నిలబెట్టడానికి 212 గంటలు పట్టింది. ఉబ్బిన పలకలను తడిపి ఊడదీసి, ఆరబెట్టి, సాండ్ పేపర్‌తో అర మిల్లీమీటరు తగ్గించి, మళ్లీ ఒక్కొక్కటీ అతికించి, ఒక్కో పలకకు జిగురు పట్టేదాకా బట్టలకు పెట్టే క్లిప్పులు పెట్టి ఉంచాను. ఆ 212 గంటలకు బీమా భాషలో విలువ సున్నా. అదే పనిని బయటివారికి ఇచ్చి పాడుచేయించి బిల్లు తెచ్చి ఉంటే డబ్బు వచ్చేది. యజమానే చేసుకున్న మరమ్మతుకు, ముందుగా ఒప్పుకున్న గంట రేటు ప్రకారం పరిహారం ఇచ్చే నిబంధన పెట్టడం ఎవరికీ నష్టం కాదు, కంపెనీకి కూడా అది చవకే.

పాలసీ ఎంత మంచిదైనా కొన్నింటికి వర్తించదని కూడా తెలిసి ఉండాలి. నిప్పు, పిడుగు, తుపాను, వరద, భూకంపం, నీళ్ల ట్యాంకు లేదా పైపు పగలడం వంటివి గృహ రక్షలో ఉన్నాయి. దుమ్ము దులుపుతూ చెయ్యి తగిలి పడిపోయినా, మనవడు ఆడుకుంటూ విరగ్గొట్టినా, చెద పట్టినా అందులో రాదు. దొంగతనం కూడా పై ప్రమాదాల్లో ఏదో ఒకటి జరిగిన ఏడు రోజుల లోపు, దాని కారణంగా జరిగితేనే వస్తుంది. మామూలు దొంగతనానికి వేరే పాలసీ కావాలి. నమూనాలు చేసేవారు ముఖ్యంగా గమనించవలసినది ఇంకొకటి ఉంది. ప్లానులు, డ్రాయింగులు, రాతప్రతులు విడిగా ఒప్పుకుని రాయించుకుంటే తప్ప ఈ పాలసీలోకి రావు. నమూనా పోతే డ్రాయింగు చూసి మళ్లీ చేసుకోవచ్చు, డ్రాయింగే పోతే ఆ ఆశ కూడా ఉండదు. కాబట్టి వాటిని స్కాన్ చేయించి ఇంకో ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఒక ప్రతి ఉంచడమే దారి. ఫొటోలకు, గంటల పుస్తకానికి కూడా ఇదే జాగ్రత్త అవసరం.

ఇక గడప దాటిన వస్తువు మాట. ఇంటి నుంచి వేరే చోటికి తీసుకెళ్లిన వస్తువుకు జరిగిన నష్టం గృహ రక్షలో రాదు. బడి పిల్లలకు చూపించడానికో, ప్రదర్శనకో ఒక నమూనాను పట్టుకెళ్లామంటే ఆ రోజుకు దానికి ఏ రక్షణా లేనట్టే. రైలు పార్సిల్‌లో పంపితే, 1989 నాటి రైల్వే చట్టం 103వ సెక్షను ప్రకారం విలువ ప్రకటించి అదనపు రుసుము కట్టనివారికి రైల్వే బాధ్యత పరిమితం. ఆ పరిమితి మామూలు పార్సిల్‌కు కిలోకు 50 రూపాయలు. పెట్టెతో కలిపి ఆరు కిలోలు తూగే ఓడకు 300 రూపాయలన్నమాట. బరువు తక్కువగా ఉండాలని బాల్సా ఎంచుకున్నందుకు పరిహారం కూడా తగ్గుతుంది. పార్సిల్ ఆఫీసులో ఆ విలువ ప్రకటించే కాగితం అడిగి రాయాలని, రవాణా వరకు విడిగా ట్రాన్సిట్ పాలసీ దొరుకుతుందని ఎంతమందికి తెలుసు?

ప్రదర్శనల విషయంలో ఇంగ్లండులో జరిగిన ఒక సంఘటన నా మనసులో నిలిచిపోయింది. 2019 మే నెలలో స్టాంఫర్డ్ అనే ఊళ్లో మార్కెట్ డీపింగ్ మోడల్ రైల్వే క్లబ్బు వారు ఒక బడిలో ప్రదర్శన ఏర్పాటు చేశారు. తెల్లవారితే ప్రదర్శన అనగా, రాత్రి కొందరు కుర్రాళ్లు లోపలికి చొరబడి బల్లల మీద ఉన్న రైళ్లను, ఊళ్లను తొక్కి నాశనం చేశారు. వాటిలో ఏళ్లకు ఏళ్లు పట్టినవి ఉన్నాయి. క్లబ్బు 500 పౌండ్లు విరాళంగా అడిగితే ప్రజలు లక్ష పౌండ్లకు పైగా ఇచ్చారు. తానూ ఇంట్లో రైలు నమూనాలు కట్టుకునే గాయకుడు రాడ్ స్టీవార్ట్ ఒక్కడే 10,000 పౌండ్లు ఇచ్చారు. ఆ దయకు చేతులెత్తి నమస్కరించవలసిందే. కానీ పత్రికల్లో పడని నష్టానికి ఆ దయ రాదు. మన ఊళ్లలో జరిగే నష్టాలన్నీ పత్రికల్లో పడనివే.

విజయవాడ సింగ్ నగర్‌లో నాకొక మిత్రుడున్నారు, రైల్వేలో పనిచేసి రిటైరైనవారు. ఇత్తడి రేకు, అట్ట వాడి డబ్ల్యూపీ తరగతి ఆవిరి ఇంజన్లు చేసేవారు; ముందు భాగం తూటాలా గుండ్రంగా ఉండే ఆ ఇంజన్‌ను చిన్నప్పుడు చూసినవారు మరచిపోలేరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగి ఆ ప్రాంతమంతా రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, అద్దె ఇంటి కింది వాటాలో ఉన్న ఆయన మంచానికి పట్టిన భార్యను పైఅంతస్తుకు మోసుకెళ్లగలిగారు కానీ, ఇంజన్లను మోసుకెళ్లలేకపోయారు. నీళ్లు దిగాక వెళ్లి చూస్తే అట్ట బురదలో కలిసిపోయి ఇత్తడి చక్రాలు మాత్రం మిగిలాయి. ఆయనకు బీమా లేదు. అద్దె ఇంట్లో ఉన్నవారికి బీమా ఇవ్వరని ఎవరో చెప్పగా నమ్మారు. నిజం అది కాదని పైన రాశాను.

విలువను ఇష్టం వచ్చినట్టు పెంచి రాసుకుంటే ఎలా అని బీమా వారికి అనుమానం ఉండటం సహజం. దానికి వారే హద్దులు పెట్టుకోవచ్చు. గంట రేటుకు ఒక గరిష్ఠ పరిమితి ఉంచవచ్చు, పని దశల ఫొటోలు తప్పనిసరి చేయవచ్చు, ప్రతి క్లెయిములో కొంత భాగం యజమానే భరించాలని చెప్పవచ్చు. నిజంగా చేసినవాడికి ఇవేవీ కష్టం కావు. పని దశల ఫొటోలను అబద్ధంగా సృష్టించడం కన్నా ఓడను చేయడమే సులువు.

కాబట్టి బీమా నియంత్రణ సంస్థకు మీ పత్రిక ద్వారా నా విన్నపం ఇది. విలువైన వస్తువుల నిర్వచనంలో “యజమాని చేతితో చేసిన నమూనాలు” అనే మాటను చేర్చాలి. లక్ష దాటిన నమూనాకు ధ్రువీకరణ ఇవ్వగలవారు ఎవరో చెప్పాలి. మ్యూజియం అధికారులు, ఇంజనీరింగు, లలితకళల కళాశాలల అధ్యాపకులు, చేతిపనుల ఖర్చులు రోజూ లెక్కగట్టే ‘లేపాక్షి’, ‘గోల్కొండ’ సంస్థల అధికారులు అందుకు తగినవారని నా అభిప్రాయం. ప్రదర్శనకు వెళ్లే రెండు మూడు రోజులకు, రాకపోకలతో సహా, ఒక బృందమంతా కలిసి తీసుకోగల చిన్న పాలసీ ఒకటి రావాలి. బొమ్మల కొలువుకు అమ్మమ్మలు కాగితపు గుజ్జుతో చేసిన గోపురాల నుంచి ఇంజనీరింగు విద్యార్థులు చేసే వంతెనల దాకా ఇది పనికొస్తుంది. ఇందులో అన్నిటికన్నా ముందు జరగవలసినది మొదటిది. దానికి కొత్త పాలసీ అక్కరలేదు, ఉన్న పాలసీకి ఒక వివరణ చాలు.

ఈలోగా మా ప్రాంతంలో నమూనాలు చేసే తోటివారికి ఎవరికైనా ఆ ఒక్కొక్క పేజీ కాగితాలు, కంపెనీకి రాసిన ఉత్తరం నకలు కావాలంటే మీ కార్యాలయం ద్వారా అడగమనండి, పంపిస్తాను. ‘జల ఉష’ ఇప్పుడు సముద్రం వైపు గదిలో లేదు. లోపలి గదిలో, గోడకు మేకులతో బిగించిన బీరువాలో ఉంది. ముందు మాస్టు అతుకు దగ్గరగా చూస్తే కనబడుతుంది. దాని మీద రంగు వేయలేదు.

ఇట్లు
ఒక విశ్రాంత డ్రాఫ్ట్స్‌మన్
పెదవాల్తేరు, విశాఖపట్నం